గోల్ఫ్ స్వింగు: గాడి తప్పిన దెబ్బను గురువు ఎదుట దిద్దుకొనే విధానం

కోలారు బంగారు గనుల పట్టణాన్ని ఎరిగిన మన సరిహద్దు కుటుంబాలకు గోల్ఫ్ మైదానం పూర్తిగా కొత్త దృశ్యం కాదు. 1880 నుండి అక్కడి గనులను నడిపిన జాన్ టేలర్ సంస్థ దొరలు తమ క్లబ్బుతో పాటు ఒక గోల్ఫ్ మైదానాన్ని కూడా ఏర్పరచుకొన్నారు. గనులలో పనిచేసిన తెలుగు, తమిళ, కన్నడ కుటుంబాలు ఆ పచ్చికను చాలావరకు వెలుపలి నుండే చూశాయి. 2001లో గనులు మూతపడ్డాయి. ఆ తరువాత కాలంలో బెంగళూరు చుట్టుపక్కల గోల్ఫ్ మైదానాలు పెరిగాయి, వాటిలో పనికి వెళ్ళి ఆటగాళ్ళైన పల్లె యువకులు కూడా ఉన్నారు. కనుక ఈ ఆటను గురించి, ముఖ్యంగా అందులో అత్యంత కఠినమైన ఒక ఘట్టాన్ని గురించి తెలిసికొనడం మనకు నిరుపయోగం కాదు. బాగా ఆడుతున్న ఆటగాని దెబ్బ ఒక దశలో గాడి తప్పుతుంది. దానిని అతడు ఏ విధంగా తిరిగి నిర్మించుకొంటాడు? అందుకు ఎదుట నిలిచే గురువు ఎందుకు అవసరం? ఈ వ్యాసంలో ఆ సంగతిని పరిశీలిద్దాం.

ఆట స్వరూపం

గోల్ఫ్‌లో బంతిని కర్రతో కొట్టి, దూరంగా పచ్చికలో తవ్విన చిన్న గుంతలో పడవేయాలి. ఆ కర్రను క్లబ్ అంటారు. పూర్తి మైదానంలో ఇటువంటి గుంతలు 18 ఉంటాయి. గుంత వ్యాసం నాలుగుంబావు అంగుళాలు. బంతి బరువు 45.93 గ్రాములకు మించరాదు. ఆటగాడు గరిష్ఠంగా 14 క్లబ్బులను వెంట ఉంచుకొనవచ్చు. అందరికంటె తక్కువ దెబ్బలలో ఆట ముగించినవాడే విజేత. ప్రతి గుంతకూ నిపుణుడు ఇన్ని దెబ్బలు తీసికొంటాడని ముందే నిర్ణయించిన సంఖ్యను పార్ అని పిలుస్తారు.

మన పిల్లలు ఆడే బిళ్ళంగోడును, కన్నడనాట చిన్నిదాండు, తమిళనాట కిట్టిపుల్లు అనే ఆటను గుర్తు చేసికొంటే గోల్ఫ్‌లోని కష్టం అర్థమవుతుంది. బిళ్ళ గాలిలోకి లేస్తుంది, కన్ను, చేయి దాని వెంట పోతాయి. ఆలోచించడానికి వ్యవధి ఉండదు. గోల్ఫ్ బంతి మాత్రం కదలక నేలమీదనే ఉంటుంది. దానిని ఎవరూ విసరరు, ఎవరూ అడ్డుకొనరు. తప్పు జరిగితే నెపం వేయడానికి మరొకరు లేరు. ఆలోచించడానికి కావలసినంత సమయం ఉంటుంది. భయానికి చోటిచ్చేది కూడా ఆ సమయమే.

స్వింగు అంటే ఏమిటి

బంతిని కొట్టడానికి క్లబ్బును వెనుకకు ఎత్తి, తిరిగి కిందికి తెచ్చి, బంతిని తాకించి, ముందుకు సాగనిచ్చే మొత్తం కదలికను స్వింగు అంటారు. మొదటిది సన్నద్ధ స్థితి. పాదాల ఎడం, మోకాళ్ళ వంపు, నడుము వంపు, క్లబ్బును పట్టిన తీరు ఇందులోకి వస్తాయి. రెండవది క్లబ్బును వెనుకకు ఎత్తడం. మూడవది కిందికి దింపడం, నాలుగవది బంతిని తాకడం, ఐదవది ముగింపు. క్లబ్బు పైనుండి కిందికి వచ్చి బంతిని చేరడానికి సుమారు పావు సెకను పడుతుంది. క్లబ్బు ముఖం బంతిని అంటి ఉండే కాలం సెకనులో రెండు వేలవ వంతు మాత్రమే. ఇంత స్వల్ప వ్యవధిలో చేతులను ఉద్దేశపూర్వకంగా సరిదిద్దడం మానవమాత్రునికి సాధ్యం కాదు. అంతకు ముందు జరిగినదంతా సరిగా ఉంటేనే ఆ క్షణం సరిగా ఉంటుంది.

కుడిచేతి వాటం ఆటగాడు కొట్టిన బంతి గాలిలో కుడివైపుకు బాగా వంగిపోతే దానిని స్లైస్ అంటారు. ఎడమకు వంగితే హుక్ అంటారు. క్లబ్బు బంతికంటె ముందు నేలను తాకితే బంతి కొద్దిదూరంలోనే ఆగిపోతుంది. బంతి పైభాగాన్ని తాకితే నేల బారుగా దూసుకుపోతుంది. ఇవి లక్షణాలు మాత్రమే. జ్వరం రోగలక్షణమైనట్లే స్లైస్ కూడా లక్షణం. దాని మూలం మణికట్టులో ఉండవచ్చు, పాదాల దిశలో ఉండవచ్చు, క్లబ్బు పట్టిన వేళ్ళలో ఉండవచ్చు.

తనకు తానుగా దిద్దుకొంటే జరిగేది

బంతి ఎటు పోతుందో నిర్ణయించేవి ముఖ్యంగా రెండు. ఒకటి తాకిన క్షణాన క్లబ్బు ముఖం చూచే దిశ. రెండవది క్లబ్బు ప్రయాణించే మార్గం. బంతి బయలుదేరే దిశ చాలావరకు ముఖం దిశను అనుసరిస్తుంది. గాలిలో బంతి వంగడం మాత్రం ముఖం దిశకు, మార్గానికి మధ్యగల తేడాను బట్టి ఉంటుంది. పూర్వం అనేకులు బంతి మార్గం దిశలోనే బయలుదేరుతుందని బోధించేవారు. రాడార్ సాయంతో బంతిని, క్లబ్బును కొలిచే యంత్రాలు ఈ శతాబ్దపు తొలి సంవత్సరాలలో వాడుకలోకి వచ్చిన తరువాత ఆ అభిప్రాయం మారింది.

ఇప్పుడు స్లైస్‌తో బాధపడే ఒక ఆటగాణ్ణి ఊహించుకొందాం. బంతి కుడికి వంగుతున్నది కనుక అతడు సహజంగానే ఎడమవైపుకు తిరిగి నిలబడతాడు. అప్పుడు క్లబ్బు మార్గం మరింత ఎడమకు మళ్ళుతుంది. ముఖం మాత్రం గుంత వైపే చూస్తూ ఉంటుంది. రెండింటి మధ్య తేడా పెరుగుతుంది. ఫలితంగా బంతి మునుపటికంటె ఎక్కువగా కుడికి వంగుతుంది. అతడు ఇంకా ఎడమకు తిరుగుతాడు. చేసిన చికిత్సయే రోగాన్ని పెంచుతుంది. ఏళ్ళ తరబడి ఈ చక్రంలో తిరిగేవారు ప్రతి మైదానంలోనూ కనిపిస్తారు.

ఇంకొక చిక్కు మరింత లోతైనది. తన శరీరం ఏమి చేస్తున్నదని ఆటగాడు అనుకొంటాడో, నిజంగా అది చేస్తున్నది వేరుగా ఉంటుంది. సరిహద్దు బడులలో పాఠం చెప్పేవారికి ఇది నిత్యానుభవం. కన్నడ అక్షరాలు ముందు నేర్చిన పిల్లవాడు తెలుగు వ్రాసేటప్పుడు తలకట్టును కన్నడ పద్ధతిలోనే అడ్డంగా లాగుతాడు. తెలుగు తలకట్టు పైకి లేవాలని చెబితే, అలాగే వ్రాశానని నమ్మకంగా పలక చూపుతాడు. వాడు అబద్ధమాడడం లేదు. వాడి చేతికి అదే సరి అనిపిస్తున్నది. ఉపాధ్యాయుడు పక్కన కూర్చుండి, చేయి పట్టి ఒకసారి సరిగా వ్రాయిస్తే వాడు మొదట చెప్పే మాట, ఇది వంకరగా ఉందని. సరియైనది వంకరగా తోచే ఆ దశను దాటించడమే గురువు పని. గోల్ఫ్ స్వింగుకూ ఇదే వర్తిస్తుంది.

నిక్ ఫాల్డో ఉదంతం

ఈ విషయానికి ఇంగ్లండు ఆటగాడు నిక్ ఫాల్డో జీవితం ప్రసిద్ధమైన ఉదాహరణ. ఆయన 1957లో వెల్విన్ గార్డెన్ సిటీలో జన్మించాడు. 1971లో అమెరికాలోని మాస్టర్స్ పోటీలో జాక్ నిక్లాస్ ఆడుతుండగా టెలివిజన్‌లో చూసి, 13 ఏళ్ళ వయస్సులో ఈ ఆటపై మనసు పడ్డాడు. 1976లో వృత్తి ఆటగాడయ్యాడు. 1977లో 20 ఏళ్ళకే రైడర్ కప్ జట్టులో ఆడాడు. 1983లో ఐరోపా పోటీలలో ఐదింటిని గెలిచి, ఆ యేటి సంపాదనలో ప్రథమ స్థానం పొందాడు. 1984లో అమెరికాలో కూడా ఒక పోటీ గెలిచాడు. ఇటువంటి ఆటగానికి స్వింగు మార్చుకోవలసిన అవసరమేమిటని ఎవరికైనా తోచవచ్చు.

గోల్ఫ్‌లో నాలుగు పోటీలను మేజర్లు అంటారు. అవి మాస్టర్స్, యు.ఎస్. ఓపెన్, బ్రిటన్‌లో జరిగే ఓపెన్, పి.జి.ఎ. ఛాంపియన్‌షిప్. ఫాల్డో వీటిలో చివరిదాకా ముందంజలో ఉండి, ఆఖరి రోజున వెనుకబడుతూ వచ్చాడు. ఆయన పేరును వక్రీకరించి, ఒత్తిడికి చేతులెత్తేసేవాడని అర్థం వచ్చేటట్లు పత్రికలు హేళన చేశాయి. లోపం ధైర్యంలో మాత్రమే లేదని, స్వింగులో ఉన్నదని ఫాల్డో గ్రహించాడు. ఆయన స్వింగు చూడముచ్చటగా ఉండేది. అయితే కిందికి దిగేటప్పుడు కాళ్ళు ముందుకు జారేవి, క్లబ్బు నిటారుగా దిగేది, చివరి క్షణంలో చేతులు దానిని సర్దుకొనేవి. బంతి ఎక్కువ ఎత్తుకు లేచి గాలికి లోబడేది. మనసు నెమ్మదిగా ఉన్న రోజున చేతుల సర్దుబాటు కుదిరేది. గుండె దడదడలాడే రోజున కుదిరేది కాదు.

1984 చివరలో దక్షిణాఫ్రికాలో డేవిడ్ లెడ్‌బెటర్ అనే శిక్షకునితో ఆయన ఈ సంగతి చర్చించాడు. లెడ్‌బెటర్ ఇంగ్లండులో పుట్టి, నేటి జింబాబ్వేలో పెరిగినవాడు. అప్పటికి ఆయనకు పెద్ద పేరు లేదు. 1985లో ఫాల్డో తన స్వింగును పూర్తిగా ఆయన చేతికి అప్పగించాడు. ఫ్లోరిడాలో లెడ్‌బెటర్ పనిచేసే చోటికి వెళ్ళి, ఆయన కళ్ళెదుట ఎండలో రోజంతా బంతులు కొట్టాడు. క్లబ్బును వెనుకకు ఎత్తే తీరు, ముంజేయి తిప్పడం, క్లబ్బు దిగే వాలు, కాళ్ళ జారుడుకు బదులుగా మొండెం తిరగడం, ఇలా ఒక్కొక్కటిగా మార్చుకొన్నాడు. అరచేతులు పుండ్లు పడేటంతగా సాధన చేశాడు.

ఫలితం వెంటనే రాలేదు. వచ్చింది నష్టమే. పాత స్వింగు పోయింది, కొత్తది చేతికి రాలేదు. 1985లో గాని, 1986లో గాని ఆయన ఐరోపా, అమెరికా పోటీలలో ఒక్కటీ గెలవలేదు. 1985 రైడర్ కప్‌లో ఆడిన రెండు ఆటలూ ఓడిపోయాడు. 1987 వసంతంలో ఆయనకు మాస్టర్స్ పోటీకి పిలుపు రాలేదు. అదే వారంలో మిసిసిపీ రాష్ట్రంలోని హాటీస్‌బర్గ్‌లో జరిగిన చిన్న పోటీకి వెళ్ళాడు. అక్కడ నాలుగు రోజులూ సరిగ్గా 67 చొప్పున దెబ్బలు తీసికొని, ఒక్క దెబ్బ తేడాతో రెండవ స్థానంలో నిలిచాడు. నాలుగు రోజులూ ఒకే లెక్క రావడం చూస్తే కొత్త స్వింగు నిలకడకు వచ్చినట్లు అర్థమవుతుంది. మే నెలలో స్పానిష్ ఓపెన్ గెలిచాడు.

ఆ జూలైలో స్కాట్లండులోని ముయిర్‌ఫీల్డ్‌లో ఓపెన్ జరిగింది. చివరి రోజు ఫాల్డో ఒక్క దెబ్బ వెనుకబడి ఆట ప్రారంభించాడు. ఆనాడు 18 గుంతలలోనూ సరిగ్గా పార్ మాత్రమే సాధించాడు. ఒక్కచోటా దెబ్బ మిగల్చలేదు, ఒక్కచోటా పోగొట్టుకోలేదు. ముందంజలో ఉన్న అమెరికా ఆటగాడు పాల్ ఎజింగర్ చివరి రెండు గుంతల వద్ద ఒక్కొక్క దెబ్బ ఎక్కువ తీసికొన్నాడు. ఫాల్డో మొత్తం 279 దెబ్బలతో, ఒక్క దెబ్బ తేడాతో గెలిచాడు. ఒత్తిడికి లొంగుతాడని పేరుపడినవాడు అత్యంత ఒత్తిడి గల రోజున తొట్రుపడకుండా నిలిచాడు. తరువాత 1989, 1990, 1996 సంవత్సరాలలో మాస్టర్స్, 1990, 1992లలో ఓపెన్ గెలిచి, మొత్తం ఆరు మేజర్లు సాధించాడు. లెడ్‌బెటర్ లోకప్రసిద్ధుడయ్యాడు. 1998లో గురుశిష్యులు విడిపోయారు. 2009లో బ్రిటిష్ ప్రభుత్వం ఫాల్డోకు సర్ బిరుదునిచ్చింది.

మరి రెండు ఉదంతాలు

టైగర్ వుడ్స్ 1997లో మాస్టర్స్ పోటీని 12 దెబ్బల తేడాతో గెలిచాడు. ఆ విజయం తరువాతనే తన స్వింగులో లోపాలున్నాయని తలచి, శిక్షకుడు బుచ్ హార్మన్‌తో కలిసి దానిని మార్చుకొన్నాడు. 1998లో అమెరికా పోటీలలో ఒక్కటే గెలిచాడు. 1999లో ఎనిమిది, 2000లో తొమ్మిది గెలిచాడు. 2000 యు.ఎస్. ఓపెన్‌లో తేడా 15 దెబ్బలు.

అయితే ప్రతి సంస్కరణమూ ఫలిస్తుందని భావించరాదు. ఆస్ట్రేలియా ఆటగాడు ఇయన్ బేకర్ ఫించ్ 1991లో ఓపెన్ గెలిచాడు. ఆ తరువాత బంతిని మరింత దూరం కొట్టాలని స్వింగు మార్చుకోబోయి, ఉన్న నేర్పును పోగొట్టుకొన్నాడు. 1997 ఓపెన్ తొలి రోజున 92 దెబ్బలు తీసికొని, పోటీనుండి తప్పుకొన్నాడు. ఫాల్డో ఒక నిర్దిష్టమైన లోపాన్ని తొలగించుకోవడానికి ఒకే గురువును ఆశ్రయించి, రెండేళ్ళు ఓపిక పట్టాడు. ఏ లోపాన్ని తొలగించాలో తెలియకుండా బాగున్నదానిని కదిలిస్తే, ఉన్నది కూడా చేజారవచ్చునని రెండవ ఉదంతం హెచ్చరిస్తున్నది.

ప్రత్యక్ష పాఠం నడిచే తీరు

మంచి శిక్షకుడు మొదటి రోజునే సలహాలు కురిపించడు. ఆటగాని చేత పది పదిహేను బంతులు కొట్టించి, మౌనంగా చూస్తాడు. ఎక్కడైనా నొప్పి ఉన్నదా, పాత గాయాలున్నాయా, బంతి సాధారణంగా ఎటు పోతుంది అని అడుగుతాడు. రెండు చోట్ల నుండి వీడియో తీస్తాడు. ఒకటి ఆటగాని ఎదుట నుండి, రెండవది బంతి పోయే దిశకు సరిగ్గా వెనుక నుండి. తరువాత లక్షణం నుండి మూలానికి వెళతాడు.

అధికభాగం దోషాలు బంతిని కొట్టకముందే ఉంటాయి. క్లబ్బును పట్టడంలో మూడు పద్ధతులున్నాయి. కింది చేతి చిటికెన వేలును పై చేతి వేళ్ళమీద ఆనించడం ఒకటి, రెండు చేతుల వేళ్ళను పెనవేయడం ఒకటి, పది వేళ్ళనూ విడిగా ఆనించడం ఒకటి. ఏది పట్టినా, బిగుతు ఎక్కువైతే మణికట్టు కదలదు. పట్టు, పాదాల దిశ, బంతి ఉంచిన చోటు సరిచేస్తే సగం వ్యాధి నయమయ్యే సందర్భాలు అనేకం.

ఫోన్‌లో వీడియో తీసికొని చూచుకొంటే చాలదా అని నేటి యువకులు అడుగుతారు. వీడియో ఉపయోగకరమే. క్లబ్బు ఎక్కడ ఉన్నదో అది చూపుతుంది. ఎందుకు అక్కడ ఉన్నదో చెప్పదు. ఎదుట ఉన్న గురువు ఆటగాని మోచేతిని పట్టి సరియైన చోట నిలుపుతాడు, ఆ స్పర్శను శరీరం గుర్తుంచుకొంటుంది. మార్పు చేసిన వెంటనే బంతి పోకడను చూచి, మందు ఎక్కువైనదా, తక్కువైనదా తేల్చుకొంటాడు. అలసిపోయిన ముఖాన్ని చూచి పాఠం ఆపుతాడు.

సాధన విషయంలో ఈ క్రింది సూత్రాలు పాటించదగినవి.

ఒక సమయంలో ఒకే మార్పు చేపట్టాలి. ఒకే దెబ్బలో మూడు సూచనలు మనసులో పెట్టుకొన్నవాడు మూడింటినీ మరుస్తాడు.

ముందు బంతి లేకుండా, నెమ్మదిగా, అద్దం ఎదుట కదలికను అలవరచుకోవాలి. తరువాత పొట్టి క్లబ్బుతో సగం బలంతో దగ్గరి దెబ్బలు కొట్టాలి. పొడవాటి క్లబ్బు చివరకు రావాలి.

మార్పు సాగుతున్నంత కాలం పందేలకు, పోటీలకు దూరంగా ఉండడం మంచిది. గెలవాలనే ఆత్రుతలో చేయి పాత దారికే మళ్ళుతుంది.

పాఠం ముగియగానే గురువు చెప్పినది సొంత మాటలలో పుస్తకంలో వ్రాసికొనాలి. మరునాటికి సగం మరపునకు వస్తుంది.

తోటి ఆటగాళ్ళ ఉచిత సలహాలను మర్యాదగా విని, పక్కన పెట్టాలి. ఇద్దరు వైద్యుల మందులు కలిపి మింగరాదు.

నడుములో గాని, మణికట్టులో గాని నొప్పి కలిగితే సాధన ఆపి వైద్యునికి చూపించాలి. నొప్పితో సాధించే స్వింగు నిలవదు.

పాఠానికి, పాఠానికి మధ్య కొన్ని రోజులు విడిచి, ఆ రోజులలో సాధన చేయాలి. పాఠాలు అనేకం తీసికొని సాధన చేయకపోవడం వలన ప్రయోజనం శూన్యం.

మన చేరువలో

1876లో ఏర్పడిన బెంగళూరు గోల్ఫ్ క్లబ్బు మన ప్రాంతాలకు దగ్గరలోని పాత క్లబ్బులలో ఒకటి. బెంగళూరులోనే 1998లో జన్మించిన అదితి అశోక్, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో నాల్గవ స్థానం పొంది, ఒక్క దెబ్బ తేడాతో పతకాన్ని కోల్పోయింది. ఆ వారంలో తెల్లవారుజామున లేచి గోల్ఫ్ చూసిన ఇళ్ళు దేశంలో అనేకం. బిడది వద్దనున్న ఈగల్టన్ మైదానంలో విజయ్ దివేచా అనే శిక్షకుని వద్ద అనిర్బన్ లాహిరి, చిక్కరంగప్ప సాధన చేశారు. లాహిరి 2015 పి.జి.ఎ. ఛాంపియన్‌షిప్‌లో ఐదవ స్థానాన్ని పంచుకొన్నాడు. చిక్కరంగప్ప ఆ మైదానం పక్క పల్లెలో పెరిగి వృత్తి ఆటగాడైనవాడు. ఆటగాళ్ళ సంచులు మోసి ఆట నేర్చిన ఢిల్లీవాసి అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. కలకత్తాలో గోల్ఫ్ పచ్చిక సంరక్షకుని కుమారుడైన చౌరాసియా అదే పోటీని 2016, 2017 సంవత్సరాలలో గెలిచాడు.

గోల్ఫ్ ఖర్చుతో కూడిన ఆట అనే మాట నిజమే. క్లబ్బులు, మైదానం రుసుము, పాఠాల రుసుము సామాన్య కుటుంబానికి భారమే. అందుచేతనే డబ్బు చెల్లించే ముందు కొన్ని ప్రశ్నలు అడగడం అవసరం. శిక్షకునికి నేషనల్ గోల్ఫ్ అకాడమీ ఆఫ్ ఇండియా వంటి సంస్థ ఇచ్చిన యోగ్యతాపత్రం ఉన్నదా? నా లోపానికి మూలం ఏదని ఆయన భావిస్తున్నారు? అది తొలగడానికి సుమారు ఎంతకాలం పడుతుంది? ఇంటివద్ద ఏమి సాధన చేయాలి? ఈ ప్రశ్నలకు సూటిగా జవాబు చెప్పేవాడు, వారంలో దోషం పోగొడతానని వాగ్దానం చేయనివాడు నమ్మదగిన గురువు. మైదానంలో పనిచేసే యువకులు పని లేని వేళల్లో పెద్దల స్వింగులు చూచి చాలా నేర్చుకొంటారు. అది మంచి పునాది. అయినా తన స్వింగును తాను చూడలేడు గనుక, చూపే కన్ను ఒకటి వారికి కూడా కావలసి ఉంటుంది.

ముగింపు

ఫాల్డో గెలుపును గురించి చెప్పుకొనేవారు ముయిర్‌ఫీల్డ్‌లోని ఆ 18 పార్లను చెప్పుకొంటారు. వాటికి వెల, అంతకు ముందు గెలుపు లేకుండా గడిచిన రెండేళ్ళు. ఆ రెండేళ్ళలో ఏ నెలలోనైనా పాత స్వింగుకు తిరిగి పోవడానికి ఆయనకు అవకాశం ఉండినది. పోలేదు. సరియైనది వంకరగా తోచిన కాలమంతా ఆయన తన చేతిని కాక, ఎదుట నిలిచిన గురువు కన్నును నమ్మాడు. తెలుగు తలకట్టు కుదరక పలకను పదేపదే తుడిచే పిల్లవానికి కూడా మనం చెప్పవలసినది ఇదే. నీ చేయి ఇప్పుడు నిన్ను మోసగిస్తున్నది. కొన్ని రోజులు నా కన్నును నమ్ము. తరువాత నీ చేతికే అది తెలిసివస్తుంది.